పదిహేను గంటల యాభై నిమిషాలు

కిటికీ అవతల నారింజ రంగు గుడ్డ గొట్టం.

గాలికే నోరు తెరిచి, పొట్ట నింపుకుని, గాలి వాటం చూపే స్తంభం మీద అడ్డంగా బిగుసుకుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఇదే పడమటి గాలి ఇంకా పొగరుగా ఉంటుంది.

ఇవాళ నాకూ అంతే పొగరుంది.

నా బల్ల మీద గ్లోబు. దాని మీద ఎర్ర దారం — అమ్మ కుట్టుపెట్టెలోది. ఒక కొస ఈ విమానాశ్రయం మీద, రెండో కొస పడమటన విమానం దిగాల్సిన విమానాశ్రయం మీద. మధ్యన పదమూడు వేల కిలోమీటర్లు.

విమానం కదలాలంటే రెండు సంతకాలు కావాలి. ఒకటి నడిపే కెప్టెన్‌ది. రెండోది నేల మీద కూర్చుని దూరం, గాలి, ఇంధనం లెక్కకట్టే మాది.

నేనింకా పెట్టలేదు.

మేనేజరు దారం మీద వేలు పెట్టాడు.

"మొన్న అటునుంచి పద్నాలుగు గంటల్లో వచ్చేసింది కదా మేడమ్. అటు కొలిచినా ఇటు కొలిచినా దారం ఇంతేగా. మీరు పదిహేనూ యాభై అంటారేంటి?"

దారం ఇంతే. కాలం ఇంతే కాదు.

వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురొచ్చి ఛాతీ మీద చెయ్యి వేసి ఆపుతుంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన దారం మీంచి వేలు తీయలేదు. రానూ పోనూ పద్నాలుగే అని కొత్త టైంటేబుల్ వేయించింది ఆయనే మరి. పద్నాలుగు గంటలకు సరిపడా ఇంధనం పోయించి, మిగిలిన బరువంతా సరుకు ఎక్కించేశాడు. నా లెక్క నిలబడితే ఆ సరుకు దింపాలి... ఆయన మాట పోతుంది.

"సంతకం పెట్టకపోతే రేపటి నుంచి ఈ కుర్చీ మీది కాదు."

"కుర్చీ తీసుకోండి. గాలి మీ మాట వినదు."

ఒకసారి పెట్టాను. ఆరేళ్ళ క్రితం, ఇలాగే తగ్గించిన ఇంధనానికి. ఆ విమానం గమ్యం చేరలేక దారిలో వేరే విమానాశ్రయంలో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు. ట్యాంకులో మిగిలింది పదకొండు నిమిషాల ఇంధనం... ఆ పదకొండు నిమిషాలూ ఇప్పటికీ నాతోనే ఉన్నాయి.

మళ్ళీ పెట్టను. ససేమిరా.

గాజు తలుపు అవతల రెండువందల ఎనభై మంది వరసలో ఉన్నారు. ఒకావిడ నిద్రపోతున్న బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటోంది. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. వాళ్ళ బరువు తెలుసు.

మేనేజరు కాగితం పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ బాబాయి ఉంటారు — సొంత బాబాయి కాదు, నాకీ పని నేర్పినాయన. రెండు నెలల్లో రిటైరవుతారు. ఆయన సంతకమూ చెల్లుతుంది.

"మీరు పెట్టేయండి పెద్దాయనా. ఆవిడ మొండిఘటం."

అవును. మొండిఘటాన్నే.

భయమేసింది, ఒప్పుకుంటాను. ఆ భయంతోనే లేచి నిలబడ్డాను.

బాబాయి కలం మూత తీశారు.

"ఎంతన్నావమ్మా?"

"పదిహేను గంటల యాభై నిమిషాలు, బాబాయ్. ఒక్క నిమిషం తగ్గదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా మొదటి రోజున ఆయన అన్న మాట — లెక్క వేసే ముందు కిటికీలోంచి చూడమ్మా — ఆయనకు గుర్తుందో లేదో...

కలం కాగితం మీదే ఉంది.

కళ్ళు మాత్రం కిటికీ వైపు తిరిగాయి.

కిటికీ అవతల నారింజ రంగు గుడ్డ గొట్టం... గాలికే నోరు తెరిచి, ఒక్క అంగుళం వాలకుండా.