లొట్టి పొర్లకముందే

నేను ఒక సన్నని గొట్టాన్ని, మూరకు కాస్త తక్కువ. డాక్టర్లు కాథెటర్ అంటారు. ఇళ్లలో నా పేరు ఎవరూ పైకి అనరు, "ఆ పైపు" అంటారంతే. ఫ్యాక్టరీలో పోతపోసి, కవర్లో సీలు వేసి పంపారు. దాహం గురించి ఎంతైనా మాట్లాడే మనుషులు, తాగిన నీళ్లు బయటికి పోయే సంగతి దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తారని నాకు తర్వాత తెలిసింది.

నేను చేరింది ఐలయ్య చేతికి. తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌడు. నడుముకు కట్టుకునే మోకుతాడు జారి చెట్టు మీంచి పడ్డాడు, వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు పోయాయన్నది అందరికీ కనిపించింది. మూత్రం నిండినా తెలియడం లేదన్నది యాదమ్మకే తెలుసు, ఆయన భార్య కాబట్టి. నిండి పొంగినప్పుడు లుంగీ తడిసేది. ఆ సిగ్గుకి ఐలయ్య నీళ్లు తాగడమే తగ్గించాడు. జ్వరాలు పట్టుకున్నాయి. ఇలాగే సాగితే కిడ్నీలు చెడతాయన్నాడు డాక్టరు.

ఆసుపత్రిలో హేమలత సిస్టర్ నన్ను చూపించి, తనే పెట్టుకుని ఖాళీ చేసుకోవడం నేర్చుకోమంది. ఐలయ్య మొహం తిప్పుకున్నాడు.

"నా పెండ్లాం పెడ్తది."

"పెడ్త," అంది యాదమ్మ మెల్లగా. "నేను కూలికి పోయిన్నాడు ఎవలు పెడ్తరు? నలుగుర్ల కూసున్నప్పుడు నన్ను పిలుస్తవా?"

ఐలయ్య మళ్లీ సిస్టర్ వైపు తిరిగాడు. "ఎప్పుడెప్పుడు తియ్యాలె?"

"నాలుగు గంటలకోసారి. నిండిందని మీకు తెలీదు కదా, గడియారం చూసుకోవాలి."

"కల్లు లొట్టి పొర్లకముందే దించాలె, గంతే గద."

పడ్డాక ఆయన నోట చెట్టు మాట రావడం అదే మొదలట. యాదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చెట్టు గీసిన ఆ చేతులు నన్ను పట్టుకున్నాయి. మొదట అడ్డం తిరిగాను. ఆయన ఆగి, ఊపిరి పీల్చి, తొందరపడకుండా జరిపాడు. గిన్నెలో ధార పడింది. ఆ చప్పుడు వింటూ ఐలయ్య ఏడ్చాడు.

వాడిన ప్రతిసారీ నన్ను కడిగి ఆరబెట్టేవాడు. జ్వరాలు తగ్గాయి. ఒకనాడు గీత కార్మికుల సంఘం మీటింగుకు చక్రాల కుర్చీలో వెళ్లాడు, నన్ను డబ్బాలో పెట్టుకుని. వేళకు పక్క గదిలోకి పోయొచ్చాడు. తోటి గౌడు సోమయ్య అడిగాడు, "యాడికి పోయినవే?"

ఐలయ్య డబ్బా తెరిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"మా తమ్ముడు గూడ పడ్డడు," అన్నాడు సోమయ్య. "ఉచ్చ సంచి తగిలిచ్చుకొని ఇల్లు కదల్తలేడు. జెర చెప్తవా?"

"డాక్టరుకు సూపిచ్చి, మా ఇంటికి తోలుకరా."

ఆలోగా నాకు వంపు వచ్చింది, రంగు మాసింది. యాదమ్మ కొత్తదాన్ని తెరిచి నన్ను చెత్తబుట్టలో వేసింది. నాకు బాధ లేదు. అక్కడ పడుండగానే సోమయ్య తమ్ముడు వచ్చాడు. గుమ్మం దగ్గరే తల వంచుకున్నాడు.

"సిగ్గుపడకు తమ్మీ," అన్నాడు ఐలయ్య. "మొదలు సబ్బుతోని చేతులు కడుక్కో."