అద్దకం చేతులు

మా వార్డులో తల్లులు నాకు పెట్టిన పేరు సబ్బు సిస్టర్. ఎదురుగా అనరు, నేనటు తిరగ్గానే అంటారు. అన్నా నాకు పట్టింపు లేదు. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెల్లో పడుకున్న పిల్లల వార్డు మాది. వాళ్ళకి జబ్బు అంటడానికి ఒక్క మురికి గోరు చాలు. అందుకే గుమ్మం పక్క సింకు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాను. ముందు అరచేతులు, తర్వాత చేతుల వెనక, తర్వాత వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు. నలభై లెక్కపెట్టేదాకా కుళాయి కట్టకూడదు. ఆపైన శానిటైజర్. డాక్టర్లనైనా వదలను. పాతికేళ్ళుగా ఇదే పని చేసీ చేసీ నా చేతులూ బండబారాయి. మా ఆయన నా చెయ్యి తగిలినప్పుడల్లా "కొబ్బరిపీచు వచ్చింది" అని వెక్కిరిస్తాడు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. దాని గురించి ఏనాడూ సిగ్గుపడలేదు, ఆ అమ్మాయి వచ్చేదాకా.

ఆమెకి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. తూకం కిలోకి వంద గ్రాములు తక్కువ. పుట్టగానే పిల్లని మా వార్డుకి తెచ్చేశారు. తల్లి జ్వరంతో వారం రోజులు మంచం దిగలేదు. ఎనిమిదో రోజున ఆమెని ఇంటికి పంపేస్తూ, పిల్లని చూసి వెళ్ళమన్నారు. అత్తగారి భుజం పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. అప్పటికింకా బిడ్డని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అద్దాల పెట్టెకి పక్కన రెండు గుండ్రటి కిటికీలుంటాయి. తల్లి అందులోంచి చెయ్యి పెట్టి బిడ్డని తాకచ్చు. మందు చేసే పనిలో సగం ఆ చెయ్యే చేస్తుందని మా డాక్టరమ్మ నమ్మకం, నాదీ అదే. ఆ అమ్మాయి చేతులు కడుక్కుని నా ముందు చాపింది. గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో నల్లగా, నీలంగా మరకలు.

"ఏంటమ్మా ఇది? చేతులు కడగమంటే నీళ్ళు చూపించి వచ్చావా? ఈ మురికితో పిల్లని ముట్టుకుంటావా? అసలు పిల్ల బతకాలని ఉందా లేదా నీకు?"

నలుగురు తల్లుల ముందు అన్నాను. ఆమె తల వంచుకుని మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళింది. మరక కదల్లేదు. "రేపు శుభ్రంగా రా" అని పంపేశాను. పెట్టె అద్దంలోంచి కాసేపు చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు మరక కొంచెం పలచబడింది. "ఊఁ, నయం. ఇంకా రుద్దాలి" అన్నాను. ఆ మర్నాడు చేతులు చాపేసరికి నాకే భయమేసింది. ఎర్రగా వాచి ఉన్నాయి. వేళ్ళ కణుపుల మీద చర్మం చీలి రక్తం ఊరుతోంది. సందుల్లో తెల్లగా పొరలు లేచిపోయాయి. అయినా గోళ్ళ అంచున నీలం అలాగే ఉంది.

డాక్టరమ్మ ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ చేతులు లోపల పెట్టడానికి వీల్లేదు. పగుళ్ళలో క్రిములు చేరతాయి, ఎంత కడిగినా పోవు. గ్లౌజులేసినా నేనొప్పుకోను. పూర్తిగా మానాక చూద్దాం."

బయట బెంచీ దగ్గర అత్తగారు నన్ను ఆపింది.

"సిస్టరమ్మా, ఒక్క మాట. మా కోడలు నూలుకి రంగులేసే చోట పనిచేస్తుంది. ఏడేళ్ళనుంచీ నీలం తొట్టెలోనే దాని చేతులు. అది మురికి కాదు తల్లీ, రంగు. మీరన్న మాటకి రెండు రోజులుగా బ్లీచింగ్ నీళ్ళలో చేతులు ముంచి, గిన్నెలు తోమే పీచుతో రుద్దుతోంది. గంటకోసారి ఆ శానిటైజరు. వద్దురా అంటే వినదు. మురికికీ రంగుకీ తేడా తెలీనప్పుడు ఆ కళ్ళజోడు ఎందుకమ్మా మీకు?"

తల కొట్టేసినట్టయింది. అయినా నా నోరు ఊరుకుందా? ఆ అమ్మాయి మీదే లేచాను. "రంగు అని ఆ రోజే చెప్పడానికి నీకేం నోరు లేదా?"

"ఎదురు చెప్తే లోపలికి రానివ్వరేమోనని, సిస్టర్" అంది.

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మధ్యాహ్నం నుంచే వైద్యం మొదలుపెట్టాను. రోజూ మూడింటికి మా స్టాఫ్ రూములో కూర్చోబెట్టేదాన్ని. బ్లీచింగ్ మాటే ఎత్తొద్దన్నాను. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని మెత్తటి సబ్బు, అదీ అవసరమైనప్పుడే. తుడవడమంటే రుద్దడం కాదు, మెత్తటి గుడ్డతో అద్దడం. ఇంకా చెమ్మ ఉండగానే పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి, పైన పలచటి నూలు గ్లౌజులు తొడిగేదాన్ని. ఇంట్లో గిన్నెలూ బట్టలూ ముట్టుకోవద్దన్నాను. "ముట్టుకోనిస్తానా? కోడలొచ్చాక చేతికి రెస్టు దొరికిందనుకున్నా, మళ్ళీ నాకే వచ్చిపడింది" అని అత్తగారు సాగదీసింది. సాగదీస్తూనే అన్నీ చేసింది.

మొదటి రోజు జెల్లీ రాస్తుంటే ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు.

"మంటా?"

"లేదు సిస్టర్."

"అబద్ధాలాడితే గోళ్ళు నీలమైపోతాయి."

"అవి ముందే నీలం కదా సిస్టర్" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ఆమె రోజూ నన్నొకటే అడిగేది. "పిల్ల ఒళ్ళు ఎలా ఉంటుంది సిస్టర్?" నేను రోజుకి పదిసార్లు ముట్టుకునే పిల్ల గురించి కన్నతల్లి నన్నడిగేది. వెచ్చగా ఉంటుందని చెప్పాను. వీపు మీద సన్నటి నూగు ఉందనీ, అరికాలు తాకితే వేళ్ళు ముడుచుకుంటుందనీ చెప్పాను. "నూగా!" అని తనలో తాను అనుకునేది.

తప్పు నాదే అన్న మాట ఎన్నోసార్లు నాలిక చివరిదాకా వచ్చింది. పాతికేళ్ళ సర్వీసు అడ్డొచ్చింది. ఇంకొంచెం జెల్లీ రాసేదాన్ని.

ఆరోరోజుకి పగుళ్ళు పూడాయి. డాక్టరమ్మ ఆమె వేళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసి, "రేపు పొద్దున్న చెయ్యి పెట్టనివ్వండి" అంది. అత్తగారి మొహం చేటంత అయింది. "సిస్టరమ్మా, రేపు మాత్రం సెలవు పెట్టకండి. మీ కళ్ళజోడు ముందే ముట్టుకోవాలి మా కోడలు" అంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక మా ఆయనతో కూడా చెప్పాను, రేపు ఆ పిల్లకి అమ్మ చెయ్యి తగులుతుందని.

పొద్దున్న ఏడింటికి డ్యూటీకి వచ్చేసరికి పెట్టె చుట్టూ ముగ్గురున్నారు. పిల్ల పొట్ట ఉబ్బిపోయింది. ఒళ్ళు బూడిద రంగుకి తిరిగింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. చేయగలిగిందంతా చేశారు, నేనూ చేశాను. ఎనిమిదిన్నరకి డాక్టరమ్మ చేతులు దింపేసి, "తల్లిని పిలవండి" అంది.

"ఎక్కణ్ణించి వచ్చింది డాక్టర్?" అన్నాను.

"ఎక్కణ్ణించైనా రావచ్చు. ఇంత చిన్న పిల్లల్లో ఇది మామూలే. తల్లి చేతివల్ల మాత్రం కాదు, ఆమె ముట్టుకోనే లేదుగా."

ఆవిడ మామూలుగానే అంది.

పిలవడానికి బయటికి వచ్చాను. ఆ అమ్మాయి అప్పటికే వచ్చేసింది. శుభ్రంగా తల దువ్వుకుని, జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచి, సింకు దగ్గర నిలబడి ఉంది. అరచేతులయ్యాయి. చేతుల వెనకయింది. వేళ్ళ సందులు మెల్లగా, చర్మం చెదరకుండా, నేను చెప్పినట్టే చేస్తోంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది.

వెళ్ళి కుళాయి కట్టేశాను.

"చాలమ్మా. ఇక కడుక్కోనక్కర్లేదు, రా."

ఆ మాట నా నోట ఆ వార్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమె నురగ చేతులతో అలాగే నా మొహంలోకి చూసింది.

"ఉందా?" అంది.

"ఉంది. తొందరగా రా."

నురగ నా కొంగుకే తుడిచాను. పిల్లని పెట్టెలోంచి బయటికి తీసి, గొట్టాలు తొలగించి ఆమె చేతుల్లో పెట్టాం. ఆమె చేతులు బిగుసుకుపోయాయి. "ఇంకా గరుగ్గా ఉన్నాయి సిస్టర్. గుచ్చుకుంటాయేమో" అంది.

"గుచ్చుకోవు" అన్నాను.

అప్పుడు ఒక వేలు కదిపి వీపు మీద తడిమింది. "నూగు" అని అత్తగారి వైపు చూసింది. ఆవిడ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

పావుగంట ఉంది పిల్ల. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసి, నాకు కళ్ళతోనే చెప్పి, ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి తెలిసింది. ఏడవలేదు. పిల్లని అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఇప్పుడైనా చెప్పాలి, తప్పు నాదేనని చెప్పాలి అనుకుంటున్నాను.

ఆమే తలెత్తింది.

"ఇంకాసేపు ముట్టుకోవచ్చా సిస్టర్?"