ముందు పెట్టె, తర్వాత ఫోను

మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చిన సూత్రం ఒకటే. ముందు పెట్టె వెళ్ళాలి, తర్వాత ఫోను వెళ్ళాలి. పెట్టె మీద కంపెనీ పేరు ఉండకూడదు. లోపల ఒక వస్తువు, చేత్తో రాసిన చిన్న కార్డు, అంతే. ఎవరు పంపారబ్బా అని అవతలి మనిషి ఒక పూటంతా బుర్ర గోక్కోవాలి. ఆ దురద బాగా ముదిరాక మా తేనెగొంతు ఫోన్ చేసి, "మా చిన్న కానుక అందిందా అండీ?" అంటాడు. అప్పటికి ఎంతటి ఆఫీసరైనా ఫోన్ పెట్టెయ్యలేడు. పెద్ద పెద్ద కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి మా దగ్గరికి వచ్చేది ఇందుకే.

తేనెగొంతు అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. యజమానురాలిని మేం చాటుగా రిబ్బన్ మేడమ్ అంటాం. ఎవరు కట్టిన రిబ్బన్ అయినా ఊడదీసి మళ్ళీ తనే కడితే తప్ప ఆవిడకి నిద్ర పట్టదు. ఇక నా పని, ఎవరికి ఏం పంపాలో ఆలోచించడం, కార్డు రాయడం, తేనెగొంతు ఫోన్‌లో పలకవలసిన మాటలు కూడా రాసి ఇవ్వడం. పరాయివాళ్ళ మనసులో దూరి అక్కడేముందో చూసి రావడం అన్నమాట. అలా చెప్పుకుంటే దొంగతనంలా ఉంటుంది కాబట్టి, ఎవరైనా అడిగితే ప్రచార విభాగం అంటాను.

ఈసారి వచ్చిన క్లయింటు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే భారీ మెషీన్లు అమ్ముతాడు. పెట్టెలు వెళ్ళవలసింది పెద్ద ఆసుపత్రుల్లో కొనుగోళ్ళు చూసేవాళ్ళకి. మేడమ్ గోడ మీద తెరలో వాళ్ళ ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తూ పోతుంటే, చివర్లో మా అక్క వచ్చింది. నేను వాటర్ బాటిల్ మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను. ఎవరూ నన్ను చూడలేదు. ఈవిడ మా అక్క అని నేనూ చెప్పలేదు.

అమ్మ మంచాన పడ్డప్పుడు దగ్గరుండి చేసింది నేను. అక్క సెలవు దొరకలేదని దాదాపుగా రాలేదు. అమ్మ పోయాక ఒకరోజు ఫోన్లో మాటా మాటా పెరిగి, "నీకు పనీపాటా లేదు కాబట్టి చేశావు. ఉద్యోగం ఉంటే తెలిసేది" అంది అక్క. ఆ మాట నాలో ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. ఆ రోజు పెట్టిన ఫోను మళ్ళీ ఎత్తలేదు. తనూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. తప్పు అక్కది, దిగిరావలసింది అక్క అని పంతం పట్టుకుని కూర్చున్నాను. పట్టుకుని కూర్చుంటే చేతులు నొప్పి పుడతాయి గానీ, వదలబుద్ధి కాదు.

"ఈవిడేమిటర్రా, ఆసుపత్రివాళ్ళు పెట్టిన ఈ ఫోటో తప్ప ఇంటర్నెట్‌లో లేనే లేదు!" అని తల పట్టుకుంది మేడమ్. "పుట్టినరోజు లేదు, పిల్లి లేదు, పూలమొక్క లేదు. క్లయింటుకి అన్నిటికంటే కావలసింది ఈ ఆసుపత్రే. ఈవిడ దొరక్కపోతే క్లయింటు ఉండడు. క్లయింటు లేకపోతే మనలో ఎవరు ఉంటారో నాకే తెలీదు."

అందరూ బల్ల వైపు చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"గ్లోబు ఆకారంలో ఉండే పెన్సిల్ చెక్కుకునే మర ఒకటి పంపుదాం మేడమ్. ఒక డబ్బా పెన్సిళ్ళు కూడా. ఈవిడ ఇంకా పెన్సిల్‌తోనే రాస్తారట. ఎక్కడో చదివాను."

ఎక్కడా చదవలేదు. అలాంటిదొకటి చిన్నప్పుడు అక్కకి బళ్ళో బహుమతిగా వచ్చింది. రోజూ సాయంత్రం తన పెన్సిళ్ళతో పాటు నావీ చెక్కి, మొనలు ఒక వైపుకి పెట్టి ఇచ్చేది. భూమి లోపల ఏముందో చూద్దామని ఒకరోజు నేను దాన్ని రెండు ముక్కలు చేశాను. లోపల పెన్సిల్ పొట్టు తప్ప ఏమీ లేదు. అక్క దానికి టేపు అంటించి, తన చేతిలోంచే జారిపడిందని అమ్మతో చెప్పి, నాకు పడవలసిన దెబ్బలు తను తింది.

కార్డు మీద "భూమి లోపల ఏముందో చూడాలనుకునేవాళ్ళకి" అని రాశాను. చేతిరాత మార్చి, అక్షరాలు ఎడమకి వాల్చి మరీ రాశాను. మేడమ్ చదివి నా భుజం తట్టింది. ఆ తట్టుడికి పొంగిపోయానని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పెట్టె అందిన మర్నాడు, టీలు అయ్యాక తేనెగొంతు ఫోన్లు మొదలుపెట్టాలి. ఇంకా కప్పులు తియ్యనే లేదు, నా ఫోన్ మోగింది. తెర మీద "అక్క" అని ఉంది. పేరు తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, ఒక్కసారీ తియ్యలేదు. పెట్టెలు కట్టే గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకున్నాను. రిబ్బన్ చుట్టల మధ్య ఒక స్టూలు, ఎదురుగా అద్దపు గోడ, గోడకి అవతల తేనెగొంతు బల్ల.

"చిన్నీ" అంది అక్క.

ఆ పిలుపు విని చాలా కాలమైంది.

"మాట్లాడవేం? వచ్చిందే నీ పెట్టె. రాత మారిస్తే గుర్తుపట్టననుకున్నావా? ఎటు వాల్చి రాసినా నీ లైను చివరికొచ్చేసరికి కిందికి జారుతుంది. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చానే. మా అటెండరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు."

"అక్కా, ఒక్క నిమిషం, నేను చెప్పేది..."

"నన్ను చెప్పనీ. మళ్ళీ ధైర్యం చాలదు. అమ్మకి నువ్వు చేసింది పని లేక కాదు. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. నేను రాలేక కాదే రానిది. అమ్మని అలా చూడలేక. నీకున్న గుండె నాకు లేకపోయింది. ఆ సిగ్గుకి నీ మీద పడ్డాను. క్షమించు. నేనే ముందు ఫోన్ చెయ్యాలి, చెయ్యలేదు. ఇప్పుడు కూడా నువ్వే ముందు దిగివచ్చావు."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట. అచ్చంగా నేను కోరుకున్నట్టే, ఒక్క ముక్క తగ్గకుండా వచ్చింది. ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఎందుకంటే దిగివచ్చింది నేను కాదు. దిగివచ్చింది దుప్పట్లు ఉతికే మెషీన్లు.

చెప్పెయ్యాలి. తేనెగొంతు చెప్పేలోపు నేనే చెప్పెయ్యాలి. వాక్యం గొంతులో కూడబలుక్కుంటున్నాను. ఈలోపు మేడమ్ అద్దం మీద వేలితో కొట్టింది. "ఆసుపత్రి ఆవిడకి ఫోన్ చేయించెయ్యనా?" అని సైగ చేసింది. వద్దు వద్దని చెయ్యి ఊపాను. నేను ఫోన్‌లో ఉన్నాను, మీరు కానివ్వండి అంటున్నాననుకుంది మహాతల్లి. వెనక్కి తిరిగి తేనెగొంతుకి తల ఊపింది.

"అక్కా, ఆ పెట్టె ఉంది చూడు, అది..."

"ఉండవే, ఏదో నంబరు వస్తోంది. ఆఫీసు పని అయ్యుంటుంది. పెట్టకు, ఇప్పుడే వస్తా."

"ఎత్తకు! అక్కా!"

అప్పటికే ఫోన్‌లో సంగీతం మొదలైంది.

తలుపు తోసుకుని తేనెగొంతు బల్ల దగ్గరికి పరుగెత్తాను. వాడు అరచెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. కాలు మీద కాలు వేసుకుని, నేను రాసిచ్చిన కాగితం ఎదురుగా పెట్టుకుని, వెన్నపూస రాసినట్టు మాట్లాడుతున్నాడు. నా ఒక చెవిలో సంగీతం, రెండో చెవిలో వాడు.

"మా చిన్న కానుక అందిందా అండీ? అవునండీ, మేమే. భూమి లోపల ఏముందో చూడాలనుకునే మీలాంటివారికి, మా మెషీన్ లోపల ఏముందో కూడా చూపించాలని మా చిన్న ఆశ."

ఆ వాక్యం నాదే. రాసిన రోజు నాకు భలే నచ్చింది కూడా. ఇప్పుడు వింటుంటే నేలలోకి దిగిపోదామనిపించింది. వాడు కాసేపు విన్నాడు. మొహంలో నవ్వు కొంచెం సర్దుకుంది. "అలాగేనండీ. గురువారం తప్పకుండా" అని ఫోన్ పెట్టి, బొటనవేలు పైకెత్తాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది. గదంతా కొట్టింది. నా చెవిలో సంగీతం ఆగిపోయింది. నేను మళ్ళీ రిబ్బన్ గదిలోకి వెళ్ళాను.

"చిన్నీ, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"ఎవరో అబ్బాయి నీ మాటలు నాకు చదివి వినిపించాడు. గొంతు బాగుంది." అక్క గొంతు మాత్రం ఎండిపోయి ఉంది. "అయితే ఇందాక నేను క్షమాపణ చెప్పుకున్నది ఉతికే మెషీన్లకన్నమాట."

"కాదక్కా. నాకే. నేను విన్నాను, అది నాదే, తిరిగి ఇవ్వను."

"పెట్టె పంపింది నువ్వా, మీ కంపెనీయా?"

"కంపెనీయే. జీతం తీసుకునే పంపాను. గ్లోబు సంగతి నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఏ పూలకుండీయో పంపుదామనొచ్చు, అనలేదు. పని కోసమే చెప్పానని నన్ను నేను నమ్మించుకున్నాను. అది అబద్ధం. నువ్వు గుర్తుపట్టాలని ఉండింది. గుర్తుపట్టి ఫోన్ చెయ్యాలని ఉండింది. నా అంతట నేను చెయ్యడానికి నాకు పొగరు అడ్డొచ్చింది. నిన్ను ఏడిపించినందుకు నాకు నా మీద అసహ్యంగా ఉందక్కా."

అక్క పెట్టేస్తుందేమోనని ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఊపిరి వినపడుతోంది, అంటే పెట్టలేదు. ఆ తర్వాత మాట్లాడింది అక్క కాదు, ఆసుపత్రి పర్చేజ్ హెడ్.

"మా దగ్గర ఒక నియమం ఉంది. అమ్మడానికి వచ్చేవాళ్ళ తరఫున మా సొంతవాళ్ళు ఎవరైనా పనిచేస్తుంటే, ముందే పైవాళ్ళకి రాసివ్వాలి. రాస్తే ఆ కంపెనీని పక్కన పెట్టేస్తారు. రాయకపోతే ఆ అబ్బాయి గురువారం వస్తాడు, మెషీన్లు బాగుంటే కొంటాను. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు. కార్డులు రాసే అమ్మాయి ఎవరో నాకు తెలీదని అనుకుంటాను. ఇన్నాళ్ళూ అలా అనుకునే కదా ఉన్నాం, ఇంకొన్నాళ్ళు ఉండలేకపోము."

"అక్కా..."

"దాచిపెట్టి నీతో మాట్లాడుతూ ఉండడం మాత్రం నావల్ల కాదు. రాస్తే నీ ఉద్యోగం పోతుందని నాకు తెలుసు, అందుకే నిన్ను అడుగుతున్నాను. కోపంతో అడగడం లేదు. ఏం రాయమంటావు? నాకు చెల్లెలు ఉందా, లేదా?"

అద్దానికి అవతల మేడమ్ క్లయింటు కోసం దాచిన చాక్లెట్ల పెట్టె విప్పి, అందరికీ పంచుతోంది. తన చేత్తో కట్టిన రిబ్బన్ తనే కత్తిరించింది. అంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. చెడ్డ మనిషి కాదు. నాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వనప్పుడు ఇచ్చింది. ఆ ఉద్యోగం దొరికిన రోజు మొదట తలుచుకున్నది కూడా అక్కనే, చూశావా నాకూ ఉద్యోగం వచ్చింది అని.

"ఉందని రాయి" అన్నాను. ఏడుపు ఆగలేదు. "రాసెయ్యి అక్కా, ఉందని రాసెయ్యి."

మేడమ్ చాక్లెట్ పట్టుకుని తలుపు తోసింది. "ఇదిగో, మొదటిది నీదే. అవతల పండగ చేసుకుంటుంటే ఇక్కడ ఈ ఏడుపేమిటి? ఎవరితో ఇంతసేపు?"

"మా అక్కతో మేడమ్" అన్నాను. "ఆసుపత్రి ఆవిడ."