రైలు లేని కట్ట మీద కీమ్యాన్ సుత్తి

నేను ఒక సుత్తిని. కంసాలి సుత్తిని కాదు, కమ్మరి సమ్మెటనూ కాదు. రైల్వే కీమ్యాన్ సుత్తిని. ఈ తేడా తెలియనివాళ్ళు నన్ను చూసి, "పాత ఇనుములో వేసెయ్యరాదా" అంటారు. నాకు నోరు లేదు గనక వాళ్ళు బతికిపోయారు.

నన్ను ఒక రైల్వే కార్ఖానాలో ఎర్రగా కాల్చి, పెద్ద యంత్రం కింద పెట్టి సాగ్గొట్టి, ఆ వేడి మీదే నూనెలో ముంచారు. ఆ ముంచిన క్షణంలో వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు. తరువాత నేను హగరి ఏటి పక్క ఇసుక దిబ్బల మధ్య ఒక చిన్న లైను మీదికి వచ్చాను. గనిలోంచి ఇనుపరాయి మోసే బండ్ల కోసం వేసిన లైను అది. కీమ్యాన్ తిప్పన్న తుమ్మకొమ్మ చెక్కి నాకు పిడి పెట్టాడు. రోజూ తెల్లవారగానే నన్ను భుజాన వేసుకుని కట్ట ఎక్కేవాడు. బండి పోయినప్పుడల్లా పట్టాలను బిగించిన ఇనుప చీలలు అదురుకు కదిలి బయటికి వస్తాయి. వాటిని నాతో ఒక్కొక్క దెబ్బ వేసి లోపలికి పంపడమే మా ఇద్దరి ఉద్యోగం. ఆ బండి వెనక తగిలించిన ఒక్క పెట్టెలో జనం కూడా ప్రయాణం చేసేవారు. కిటికీలోంచి చూసి, "ఈ మనిషికి ఎండలో పనీపాటా లేదు కాబోలు" అనుకునేవారు. అనుకోనీ. వాళ్ళు అలా అనుకోగలిగినంత క్షేమంగా వెళ్ళారంటే మా పని సరిగా జరిగినట్టే.

గనిలో రాయి అయిపోయింది. రాయి లేనిచోట రైలు ఎందుకని పెద్దవాళ్ళు తీర్మానించారు. పట్టాలు ఊడదీశారు. వాటి కింది దిమ్మెలు లాగేశారు. స్టేషన్ గంట, నీళ్ళ తొట్టి, చివరికి స్టేషన్ పేరు రాసిన బల్లకు కొట్టిన రేకు కూడా పట్టుకుపోయారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. తిప్పన్న నన్ను చూరులో దోపి, మనసు విరిగిన మనిషిలా కొన్నేళ్ళు బతికి కన్నుమూశాడు.

వాళ్ళు మోసుకుపోలేనిది పట్టాల కింద పోసిన మట్టికట్ట ఒక్కటే. ఆషాఢం గాలికి ఎండిన ఏటిలోంచి ఇసుక లేచి తూర్పుకు పరిగెత్తుతుంది. ఆ పరుగుకు అడ్డం పడుకున్నది ఈ కట్టే. కట్టకు పడమర ఇసుక దిబ్బలు, తూర్పున మా ఎద్దులదొడ్డి ఊరి వేరుశనగ చేలు. రాయి మోసే బండి కోసం పోసిన మట్టి రైతును కాపాడుతోంది. ఎవరూ మేలు చేద్దామని చేసిన పని కాదది. అందుకే నాకు దాని మీద నమ్మకం.

తిప్పన్న కొడుకు ఉజ్జినప్ప. నాన్నకు లైను మీదికి బువ్వ తీసుకుపోవడానికని అయిదో తరగతిలోనే బడి మానినవాడు. చదువు లేకపోయినా లైను గ్యాంగులో పని దొరుకుతుందని నమ్మాడు. మీసం వచ్చేసరికి లైను పోయింది. అప్పటినుంచి లోకం తనను మోసం చేసిందని అతని లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నేనూ ప్రయత్నించాను, దొరకలేదు. కట్ట కింద అతనికి కొంచెం చేను ఉంది. అది తప్ప ఇంకేమీ లేదు.

ఒక ఏడు ఎవరో కంట్రాక్టరు కొత్త రోడ్డుకు మట్టి కావాలని కట్టను తవ్వుకునే అనుమతి తెచ్చుకున్నాడు. ఊరు ఒప్పుకుంటే సుంకులమ్మ గుడికి మండపం కట్టిస్తానన్నాడు. ఊరు వెంటనే ఒప్పుకుంది. దేవుడి పేరు చెప్పి అడిగితే మనుషులు తమ కాళ్ళ కింది నేలనైనా ఇచ్చేస్తారు. గుడి అరుగు మీద ఉజ్జినప్ప ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"కట్ట పోతే ఇసుక ఇండ్లలోకి వస్తాది. గొల్లలదిన్నె ఏమైందో మరిసిపోయినారా?"

"ఏమప్పా ఉజ్జినీ, రైలే లేదు, నీకు కీమ్యాన్ పనేంటికి?" అన్నాడు సర్పంచి పాలాక్షప్ప. అరుగంతా నవ్వింది. "గొల్లలదిన్నెను ఇసుక మింగిందని మీ నాయన సెప్పినాడు. పొయ్యి సూసినోడు ఎవడు?"

"రేపు పోదాం రా అన్నా. కట్ట మీదనే నడిచి పోదాం. నీ కండ్లతోనే సూడు."

అందరి ముందు అలా పిలిచాక పాలాక్షప్ప రాక తప్పలేదు. కంట్రాక్టరు మనిషి సత్తిరాజు గోదావరి వైపు వాడు, గొడవ ఎక్కడిదాకా పోతుందో చూద్దామని తనూ బయలుదేరాడు. ఎవరూ పిలవకుండా ఉజ్జినప్ప భార్య మారెక్క కూడా జొన్నరొట్టెల మూట, నీళ్ళ బిందె ఎత్తుకుని వెనకే వచ్చింది.

"నువ్వెందుకే?" అన్నాడు ఉజ్జినప్ప.

"అది మా పుట్టినూరు. మీరు పోతాంటే నేను పోగూడదా?"

ఆమె గొల్లలదిన్నె పిల్ల అని ఊళ్ళో అందరికీ తెలుసు. కాపురానికి వచ్చాక ఆ ఊరు లేదని విన్నదే తప్ప, కళ్ళారా చూడలేదని ఎవరూ పట్టించుకోలేదు.

ఉజ్జినప్ప నన్ను భుజాన వేసుకున్నాడు. ఎన్నేళ్ళకు! కట్ట మీద కంకర మిగిలే ఉంది. దాని మధ్య సర్కారు తుమ్మ, జిల్లేడు మొలిచాయి. తూములో నక్కలు కాపురం పెట్టాయి. గాలి ఇసుకను పిడికిళ్ళతో ముఖాన కొడుతోంది. సత్తిరాజు జేబురుమాలు ముక్కుకు కట్టుకున్నాడు.

"మా ఊళ్ళో ఇసుక గోదాట్లో ఉంటాదండీ. ఇక్కడేంటండీ, గాల్లో ఉంటాది?"

"మా ఊర్ల అన్నీ గాల్లోనే ఉంటాయి సామీ," అంది మారెక్క. "మీ మండపం గూడా."

పాలాక్షప్ప వినలేదన్నట్టు దగ్గాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కట్ట మాయమైంది. ఇసుక దాన్ని కప్పేసి, పక్కనే కట్టలాంటివే మరో రెండు దిబ్బలు పోసింది. అక్కడ ఉజ్జినప్ప తప్పు చేశాడు. కీమ్యాన్ కొడుకుననే బడాయితో అడగకుండా, ఆగకుండా తిన్నగా కనబడిన దిబ్బ మీద నడిపించుకుపోయాడు. చాలాదూరం పోయాక ఆ దిబ్బ ఏటిలోకి దిగిపోయింది.

"కీమ్యానూ, రైలు ఏట్లో పడినట్టుండాది గదప్పా!" అన్నాడు పాలాక్షప్ప.

ఉజ్జినప్ప ముఖం మాడింది. వెనక్కి పోదామంటే ఊళ్ళో తలెత్తలేడు. అప్పుడు మారెక్క బిందె దింపి, నన్ను అతని భుజం మీంచి లాక్కుంది. వెనక్కి నడుస్తూ నాలుగడుగులకొకసారి నన్ను నేలకేసి కొట్టింది. దబ్. దబ్. దబ్. మెత్తని ఇసుకలో నా తల కూరుకుపోతోంది. కొడుతూనే పోయింది. ఒకచోట నా కింద రాయి పలికింది. ఖణేల్‌మంది.

"ఇదో కంకర," అంది. "ఇట్ల రాండి."

అలా దెబ్బ దెబ్బకీ దారి అడుక్కుంటూ గొల్లలదిన్నె చేరాం.

కట్టకు అక్కడ బండి పట్టేంత గండి ఉంది. అది వాన కొట్టిన గండి కాదు. గొల్లలదిన్నె దేవర జాతరలో అమ్మవారి బండి గుడి నుంచి ఏటిదాకా ఎక్కడా మలుపు తిరగకుండా తిన్నగా పోవాలి. రైలు ఉన్నన్నాళ్ళు పట్టాల దగ్గర బండి ఆపి అమ్మను భుజాల మీద దాటించారు. పట్టాలు పోగానే అందరూ సంతోషంగా పలుగూ పారా పట్టి అమ్మకు దారి చేశారు. ఆ ఏడు అమ్మ బండి తిన్నగా ఏటికి పోయింది. ఆ మరుసటి ఆషాఢంలో ఏరు ఇసుకై తిన్నగా ఊళ్ళోకి వచ్చింది.

ఇప్పుడు అక్కడ ఊరు లేదు. ఒక గుడి శిఖరం మొన, ఒక వేపచెట్టు పైకొమ్మలు, ఒక ద్వారబంధం పైకమ్మీ. అంతే. మారెక్క ఆ కమ్మీ దగ్గర కూర్చుని చేత్తో ఇసుక తోడింది. కమ్మీకి చెక్కిన చిలక బయటపడింది.

"మా నాయన సెక్కిచ్చింది," అంది. "దీని కింద తలొంచి పోయేటోళ్ళం." ఆమె ఏడవలేదు. తోడిన గుంతలోకి ఇసుక మళ్ళీ జారుతుంటే చూస్తూ కూర్చుంది.

పాలాక్షప్ప చెప్పులు విప్పి గుడి శిఖరానికి దండం పెట్టాడు. సత్తిరాజు ముక్కుకు కట్టిన రుమాలు విప్పి, "బాధగానే ఉందండీ. కానీ నాకు పైనుంచి ఆర్డరు ఉందండీ. రేపొద్దున్నే మిషను వస్తాదండీ," అన్నాడు.

వచ్చింది. పచ్చ రంగు యంత్రం, ఇంత పెద్ద చెయ్యి. ఉజ్జినప్ప చేని పక్కన కట్ట మీద ఆ ఇద్దరే నిలబడ్డారు, మొగుడూ పెళ్ళామూ. ఉజ్జినప్ప నా పిడిని కంకరలోకి దిగేసి, తల పైకుండేలా పాతాడు. యంత్రం నడిపేవాడు కిందికి దిగి, "అది పక్కకు తియ్ పెద్దాయనా," అన్నాడు.

"నువ్వే తియ్యి."

వాడు పట్టుకుని లాగాడు. నేను రాలేదు. కొంత ఉజ్జినప్ప బలం, కొంత నా మొండితనం. ఈలోగా ఊరు పోగయింది, వేడుక చూడ్డానికే. వాళ్ళను తోసుకుంటూ పాలాక్షప్ప కట్ట ఎక్కాడు. సత్తిరాజు ఊపిరి పీల్చుకున్నాడు.

"సర్పంచిగారూ, మీరన్నా చెప్పండీ. ఊరు ఒప్పుకున్నదే కదండీ. మండపం వద్దాండీ?"

పాలాక్షప్ప ఊరివైపు చూశాడు, చేలవైపు చూశాడు. వచ్చి మారెక్క పక్కన నిలబడ్డాడు.

"మండపం లేకుంటే అమ్మ వానకు తడుస్తాది, అంతే గదప్పా," అన్నాడు. "ఇసకల మునగదు. బండి తిప్పుకో."

కింద ఉన్న ఆడవాళ్ళు ముందు ఎక్కారు. తరువాత మగవాళ్ళు, కొంచెం సిగ్గుపడుతూ.

యంత్రం వెనక్కి పోయింది. మళ్ళీ రాదని నేను చెప్పను. కాగితాలు ఉన్నవాళ్ళు ఊరుకోరు. ఉజ్జినప్ప నన్ను పీకలేదు. ఇక్కడే ఉన్నాను. పిడికి చెద పట్టింది, తలకు తుప్పు పట్టింది. ఆషాఢం వచ్చినప్పుడల్లా ఏరు లేచి ఇసుకతో నా ముఖాన కొడుతుంది.

కొట్టనీ. నాకు దెబ్బలు కొత్తా?