దుర్భిణి దగ్గర కుర్చీ

విల్మర్ ఏడాదిగా అబద్ధాలాడుతున్నాడు. రోజూ కాదు, ఆదివారాలు మాత్రమే. చర్చి నుంచి తిన్నగా గురి మైదానానికి వచ్చి, మధ్యాహ్నం భోజనంలోపు ఓ పది అబద్ధాలు ఆడి ఇంటికి పోయేవాడు. అబద్ధం ఆడటంలో కూడా ఇంత చాకిరీ ఉంటుందని అతనికి డెబ్బై ఆరేళ్లు వచ్చేదాకా తెలియలేదు.

అవన్నీ ఆగీ కోసం. ఆగీకి ఎనభై దాటాయి. విస్కాన్సిన్‌లో ఆ చిన్న ఊళ్లో అతని ఇంటి నేలమాళిగ నిండా పాత తుపాకులే. అన్నీ ఒక్కసారికి ఒక్క తూటానే పట్టే సన్నగొట్టం తుపాకులు, నూరేళ్ల కిందట రైతుల పిల్లలు ఉడతల్ని కొట్టడానికి కొనుక్కున్నవి. జేబులో పట్టే పిస్తోళ్లు ఓ నాలుగు. ఆ ఇనుము మీద పేరుకున్న గోధుమరంగు మరకని ఎవరైనా శుభ్రం చెయ్యబోతే ఆగీకి ఒళ్లు మండిపోయేది.

“నూరేళ్ల చేతిచెమట రా అది! నీ అబ్బ సొమ్మనుకున్నావా తుడిచెయ్యడానికి?” అని గుడ్డ లాగేసుకునేవాడు.

భార్య పోయాక అతనికి మిగిలింది ఆ తుపాకులూ, ఆదివారాలూ. అలాంటివాడు నోరు ఊరుకోక మైదానంలో గురి కాల్చేవాళ్ల సంఘంలో అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. పదికి పది తూటాలూ నల్లచుక్కలో పడని నాడు మొత్తం అమ్మేసి, టీవీ ముందు కూర్చుంటానని. ఆగీ అన్నాడంటే చేస్తాడు. సిగరెట్టు అలాగే మానేశాడు, తమ్ముడితో మాటలూ అలాగే మానేశాడు.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. కాల్చేవాడు దుర్భిణిలో చూడకూడదు. జతగాడు పక్కన కుర్చీలో కూర్చుని, దుర్భిణిలోంచి యాభై గజాల అవతల కాగితం మీద చిల్లు ఎక్కడ పడిందో చూసి అంకె, గడియారపు ముల్లు లెక్కన దిక్కూ చెబుతాడు. నట్టనడుమ పది, బయటికి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది; ఎనిమిది దాకా నల్లచుక్క. ఆ అంకె వినందే రెండో తూటా పెట్టరు. ఆఖర్న జతగాడే కాగితం మీద మార్కులు వేసి సంతకం చేస్తాడు. ఆ కుర్చీలోవాడి మాటే మాట. మళ్లీ ఎవరూ లెక్క చూడరు, చూస్తే అతన్ని అవమానించినట్టే. ఆగీకి జతగాడు విల్మర్.

పోయిన వసంతంలో ఆగీ కుడికంట్లో శుక్లం ముదిరింది, ఎడమకన్ను మొదట్నుంచీ అంతంతమాత్రమే. నల్లచుక్క పొగలా కనపడుతోందని అతనే అన్నాడు. మొదటి ఆదివారం ఏడు పడితే విల్మర్ తొమ్మిదన్నాడు. అంతే, ఇక ఆపడం చేతకాలేదు. ఆరుకి తొమ్మిది, అయిదుకి ఎనిమిది. ఆగీ ఆ కాగితాలు మడిచి ఇంటికి పట్టుకుపోయేవాడు. ఫిబ్రవరిలో చలికాలపు పతకం కూడా ఆగీకే వచ్చింది. రెండో స్థానం మాంసం కొట్టు డార్లీన్‌ది. పాపం, ఆమె అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ పూట విందులో విల్మర్ సాసేజి ముట్టుకోలేదు.

ఏప్రిల్లో ఆగీ మూడు వారాలు మాడిసన్‌లో కూతురింట్లో ఉండి వచ్చాడు. ఆ మూడు ఆదివారాలూ విల్మర్ హాయిగా నిద్రపోయాడు. నాలుగో ఆదివారం మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. కరిగీ కరగని మంచు మైదానం అంచున మురికిగా పడి ఉంది.

“కాఫీ తాగావా, లేక నిద్రలోనే వచ్చేశావా?” అన్నాడు ఆగీ.

“నువ్వు కాల్చు ముందు. నడుం లాగేస్తోంది.”

ఆగీ తుపాకి కిందున్న లివరు దించి, బొటనవేలితో తూటా లోపలికి తోశాడు. నిలబడి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. విల్మర్ దుర్భిణిలో వెతికాడు. కాగితం మీద చిల్లు లేదు. మళ్లీ వెతికాడు, లేదు. కాగితానికి కూడా తగల్లేదన్నమాట. ఇంత దిగజారిపోయిందా ముసలాడి గురి అనుకుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“తొమ్మిది,” అన్నాడు. “రెండు గంటల దిక్కున.”

ఆగీ ఖాళీ గుల్ల తీసి, తుపాకిని బల్ల మీద పడుకోబెట్టాడు.

“నేను కొట్టింది ఆ మంచుకుప్పని రా,” అన్నాడు. “కావాలనే కొట్టా.”

విల్మర్ దుర్భిణిలోంచి కన్ను తియ్యలేదు. తీస్తే ఆగీ మొహం చూడాల్సొస్తుంది.

“మాడిసన్లో కంటికి ఆపరేషన్ చేయించుకున్నా. ఇంటికొచ్చి నేలమాళిగలో లైటేశా. ఏడాది కాగితాలన్నీ గోడకి కొట్టి పెట్టుకున్నా కదా. చిల్లులన్నీ అంచుల్లో, పక్కన నీ చేతిరాతతో తొమ్మిదులు. వరసగా తొమ్మిదులు! ఒక్క మూడన్నా రాయలేకపోయావురా, నమ్మడానికి?”

“నువ్వు అమ్మేస్తానన్నావు కదా, ఆగీ.”

“అంటే?”

“అమ్మేస్తే ఇక్కడికి రావు. ఇంట్లో ఒక్కడివీ ఏం చేస్తావు?” అన్నాడు విల్మర్. “నీకే కాదు. నాకు మాత్రం ఆదివారం ఎవరున్నారు?”

ఆగీ గోటితో బల్ల గీరాడు.

“గురువారం ఒక్కణ్ణే వచ్చా,” అన్నాడు. “పది కాల్చా. కన్ను బాగుంది, చేతులే నిలవట్లేదు. నాలుగు పడ్డాయి నల్లలో. పేపర్లో ప్రకటన ఇచ్చేశా. శనివారం నుంచి జనం వస్తారు చూసుకోడానికి. పతకం డార్లీన్ కొట్టుకెళ్లి ఇచ్చేసొచ్చా. ఆ మనిషి నా మొహం చూసి నవ్వనైనా నవ్వలేదు, తెలుసా? తిట్టినా బాగుండేది.”

“నన్ను తిట్టు.”

“తిట్టే ఓపిక లేదు. లే ముందు.”

విల్మర్ లేచాడు. సంఘంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, తప్పు అంకె చెప్పినవాడు ఆ కుర్చీలో మళ్లీ కూర్చోడు. ఆగీ ఆ కుర్చీలో కూర్చుని దుర్భిణి సవరించుకున్నాడు.

“ఇక్కడ చేతులతో పని లేదు. కన్నుంటే చాలు,” అన్నాడు. “తుపాకి తీసుకో.”

“నేనా? ఏడాదైంది పట్టుకుని.”

“ఎవడు పట్టుకోవద్దన్నాడు నిన్ను?”

విల్మర్ తూటా పెట్టాడు. గొట్టం నీళ్లలో కర్రలా ఊగింది. నల్లచుక్క దగ్గరికి వచ్చినట్టే వచ్చి పోయింది. ఇక చేతులు నిలబడవని తెలిసి మీట నొక్కేశాడు. లివరు దించాడు. పొగ వాసన ముక్కుకి తగిలింది.

ఆగీ చూస్తున్నాడు. ఏం చెప్పడేం? ఎనిమిదని అంటే బాగుండు, ఏడన్నా సరే అని విల్మర్ మనసు సిగ్గులేకుండా కోరుకుంది. ఎంత చెత్తగా కాల్చాడో అతనికి తెలుసు. అయినా కోరుకుంది.

“నాలుగు,” అన్నాడు ఆగీ. “కింద, ఏడు గంటల దిక్కున. కళ్లు మూసుకుని కాల్చావా ఏం, గాడిదా?”

విల్మర్‌కి చివుక్కుమంది. రెండో తూటా కోసం జేబులో చెయ్యి పెట్టాడు.