అమ్మగారి చెవి

హాలు గుమ్మంలోనే ఓ మరమనిషి ఎదురొచ్చి, చక్రాల మీద గిరుక్కున తిరిగి స్వాగతం పలికింది. రేడియో మెకానిక్కు దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "దీని చక్రం కిర్రుమంటోంది, విన్నావా?" అంటూ భార్య వైపు తిరిగాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. విన్నావా అని ఆమెను అడగకూడని రోజులొచ్చి చాలా కాలమైంది. ఆమె మాత్రం చిరునవ్వు నవ్వి తలూపింది. ఈమధ్య అన్నిటికీ అలాగే తలూపుతోంది.

ఈ ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శనకు వాళ్లు పెళ్లైన కొత్తలో మొదటిసారి వచ్చారు. అప్పుడు ఈ అద్దాల హాలూ లేదు, ఎముకలు కొరికే ఈ ఏసీ చలీ లేదు. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒకే ఒక్క కలర్ టీవీ. అందులో ఎర్రచేపలు ఈదుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. కొత్త పెళ్లికూతురు మాత్రం కళ్లు మూసుకుని ఓ నిమిషం నిలబడి, "బొమ్మ బాగుంది గానీ, మాట రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుందండీ" అంది. తన దుకాణంలో ఆమెకు ఓ కుర్చీ వేయాలని మెకానిక్కు ఆ క్షణమే అనుకున్నాడు.

ఆ తర్వాత ఆ దుకాణం ఆమె చెవి మీదే నడిచిందంటే అబద్ధం కాదు. రేడియో అయినా, టేపు రికార్డరైనా, ఆయన టంకం పెట్టి మూత బిగించాక ఆమె విని సరేనంటేనే గడప దాటేది. "అమ్మగారి చెవి పడిందా?" అని అడిగి మరీ తీసుకెళ్లేవాళ్లు వీధిలో జనం. ఏటా ప్రదర్శన వచ్చిందంటే దుకాణానికి తాళం వేసి ఇద్దరూ ఇక్కడికి చేరేవాళ్లు. జేబులో పట్టే టేపు ప్లేయరు వచ్చిన ఏడు, దానికి రెండు హెడ్‌ఫోన్లు తగిలించి చెరొకటీ పెట్టుకుని విన్నారు. చెవులు మూసుకుపోయిన సంగతి మరిచిపోయి, "మీరు నవ్వితే బాగుంటారండీ" అని ఆమె గట్టిగా అనేసింది. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు గానీ, ఆ మాట మాత్రం ఇన్నేళ్లూ దాచుకున్నాడు.

అంతటి చెవికే చెదలు పట్టింది. మొదట మోకాళ్ల నొప్పులని చెప్పి దుకాణానికి రావడం తగ్గించింది. తర్వాత, జనం మాటలు నమిలి మింగేస్తున్నారని విసుక్కుంది. డాక్టరు ఇచ్చిన వినికిడి మిషను బీరువాలో బట్టల కింద పడుంది. "చెవిటిదాన్నని మెళ్లో బోర్డు కట్టుకుని తిరగమంటారా?" అని ఒక్కసారే అంది. మళ్లీ ఆ ఊసెత్తనివ్వలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఎలాగో నెట్టుకొస్తోంది.

దాంతో ఆయన అరవడం మొదలుపెట్టాడు. అన్నం బాగుందన్నా అరుపే, ఫ్యాను కట్టెయ్యమన్నా అరుపే. ఓసారి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, "పోనీలెండి అన్నయ్యగారూ, ఈ వయసులో గొడవలెందుకు" అని సర్దిచెప్పబోయింది. అప్పుడాయన భార్యతో అంటున్న మాట 'కొత్త కళ్లజోడు నీకు నప్పింది' అని. గొంతు ఎప్పుడూ కాస్త పట్టేసినట్టే ఉండేది. దానికీ అలవాటు పడ్డాడు. అలవాటు పడలేనిది ఒక్కటే. కొన్ని మాటలు అరిచి చెప్పేవి కావు. అవన్నీ ఆయన లోపలే ఉండిపోయి, ఆ ఇంట్లో ఇద్దరుండి కూడా ఒంటరివాడైపోయాడు. ఆమెతో మామూలు గొంతుతో మాట్లాడాలి, అంతకుమించి ఆయనకు ఏ కోరికా లేదు. పేపర్లో ఓ ప్రకటన చూసి, పాత రోజులు గుర్తొస్తున్నాయని సాకు చెప్పి, ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది అందుకే.

హాల్లో దారిపొడవునా వింతలకేం తక్కువ లేదు. ఫ్రిజ్జులో ఏముందో ఫోనులో చూసుకోవచ్చట. తలుపు తీస్తే కనపడదా? ఎంతసేపు పడుకున్నామో చెప్పే ఉంగరమొకటి. నిద్రపోయినవాడికి ఆ మాత్రం తెలియదు కాబోలు. మడత పెట్టే ఫోనును ఆమె నాలుగుసార్లు తెరిచి మూసి, "దుప్పటిలా ఉందండీ" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనకు ధైర్యం వచ్చింది. చెయ్యి పట్టుకుని మూల స్టాలుకు నడిపించాడు.

బల్ల మీద చిక్కుడు గింజంత వినికిడి మిషన్లు వరసగా ఉన్నాయి. స్టాలు అమ్మాయి నోరు తెరిచేలోపే ఆయన భార్యకు ఎదురుగా నిలబడి, "కొత్త రకం ఇయర్‌ఫోన్లట. నువ్వోసారి విని చెప్పు, ఎలా ఉన్నాయో" అన్నాడు.

ఆమె ఆ వస్తువునూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఈ పాటి నాటకం తెలియదా? కానీ విని చెప్పమని ఆమెను ఎవరూ అడగక ఎంతకాలమైందో.

"బాగోలేకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తా, మీ ఇష్టం" అంటూ చెవులు చూపించింది.

అమ్మాయి వాటిని అమర్చింది. ఆమె వెంటనే ఆయనకు వీపు తిప్పి నిలబడింది. దుకాణంలో ఆమె పద్ధతే అది. సెట్టు కళ్లకు కనిపిస్తే చెవి మొహమాటపడుతుందనేది. వెనక్కి తిరిగి వినేది. గరగర ఉంటే వేలెత్తేది, శుభ్రంగా ఉంటే అరచెయ్యి చూపేది. ఇప్పుడు చూసుకోవడానికి పెదాలు లేవు. ఈ గింజలు గనక పనిచేయకపోతే, ఇక జన్మలో దేన్నీ చెవి దగ్గరికి రానివ్వదు.

"వినపడుతోందా!" అని అరిచాడు. నాలుగు స్టాళ్ల జనం తిరిగి చూశారు.

"అంకుల్, అంత గట్టిగా వద్దు. మామూలుగా మాట్లాడండి" అంది అమ్మాయి.

మామూలుగా ఎలా మాట్లాడాలో ఆయనకు తట్టలేదు. గొంతు తగ్గించి, "వంటింటి కిటికీ వేసి వచ్చామంటావా?" అన్నాడు.

ఆమె వేలెత్తింది.

"గరగరమంటోందట" అని ఆయన అమ్మాయికి చెప్పాడు. అమ్మాయి తన ఫోనులో ఏదో సవరించింది. ఆయన మళ్లీ మాట్లాడాడు. మళ్లీ వేలు లేచింది. జత మార్చారు. అయినా వేలే. ఆయన అంతా అయిపోయిందనుకుని ఆ గింజల డబ్బాను వెనక్కి నెట్టబోయాడు.

అప్పుడామె ఇటు తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి.

"వస్తువులో లోపమేమీ లేదమ్మా" అంది అమ్మాయితో. "నువ్వు మాట్లాడితే చక్కగా వినపడుతోంది. గరగర ఈయన గొంతులో ఉంది." ఆయన వైపు చూసి, "ఎప్పట్నుంచండీ ఇలా?" అని అడిగింది.

ఆయన అలవాటుగా అరవబోయి ఆగాడు. "చాన్నాళ్లయింది. అరిచి అరిచి గొంతు దెబ్బతిందన్నాడు డాక్టరు. ఇక అరవొద్దన్నాడు."

"నాకొక మాట చెప్పాలా వద్దా?"

"చెప్పాను. అరవొద్దన్నాడు కదా, మెల్లిగా చెప్పాను. నువ్వు తలూపావు."

ఆమె స్టాలు పక్కనున్న కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీని ఆయన కోసం లాగింది.

"ఇంకా ఏమేం చెప్పారు, నేను తలూపినవి?"

"ఇప్పుడెందుకులే అవన్నీ."

"చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలను చూస్తూ, "నువ్వు దుకాణానికి రావడం మానేశాక, బాగుచేసిన ప్రతి సెట్టూ నీ కుర్చీ ముందే పెట్టి వాయిస్తున్నానని ఓసారి చెప్పాను" అన్నాడు, తనకే సరిగ్గా వినపడనంత మెల్లిగా.

ఆమె తలూపలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "ఊఁ" అంది.