తుపాను మేడ తాళం

నేను ఒక తాళాన్ని. అరచేతికి నిండుగా వచ్చే ఇనుప తాళాన్ని. ఎక్కడో ఉత్తరాదిన, గాలీ వెలుతురూ సరిగా సోకని కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసినవాడు తాళంచెవి తిప్పి, టక్కుమన్న శబ్దం విని, తృప్తిగా తలూపి పక్కన పడేశాడు. తాళానికి లోకంలో దక్కే ఆశీర్వాదం అంతే. లారీలో ప్రయాణం చేసి నెల్లూరులో ఒక ఇనుపసామాన్ల కొట్లో కొక్కేనికి వేలాడాను. ఏ బీరువాకో, ఏ నగల పెట్టెకో వేస్తారనుకున్నాను. ఒకరి సొత్తు ఇంకొకరికి అందకుండా చూడటమే కదా మా వృత్తి. కానీ నన్ను అందరిదీ అయిన ఒక ఇంటికి వేశారు.

మొగలిపాలెం సముద్రపు ఒడ్డున ఉంది. పల్లెలో చేపల వేటకు పోయే పట్టపువాళ్లు, ఊళ్లో రొయ్యల చెరువుల ఆసాములు, ఎడంగా కాలవ గట్టు మీద పీతలు పట్టుకుని బతికే యానాదుల గుడిసెలు. తుపాను వస్తే అందరూ తలదాచుకోవడానికని లావుపాటి స్తంభాల మీద ఒక మేడ కట్టారు. ఊరంతా దాన్ని తుపాను మేడ అంటుంది. ప్రారంభోత్సవంలో ఒక పెద్దమనిషి "ఇది మీ అందరిదీ" అన్నాడు. ఆ చప్పట్లు ఆగకముందే నన్ను మెట్ల కింది గేటుకు తగిలించి, చెవి పెంచలనాయుడుగారి చేతికిచ్చారు.

నాయుడుగారు చెడ్డమనిషని ఎవరూ అనరు. ఎదురుపడితే నవ్వుతాడు, చావుకీ పెళ్లికీ అందరి గడపా తొక్కుతాడు. అయితే ఆయనకు చెరువులున్నాయి. చెరువుల్లో రొయ్యలకు మేత కావాలి, మేత బస్తాలు తడవకూడదు. ఊళ్లో తడవని చోటు తుపాను మేడ ఒక్కటే. "తుపానొస్తే తీసేద్దాంలే" అంటూ కొన్ని బస్తాలు పెట్టించాడు. వాటి మీద మరికొన్ని వచ్చాయి. ఆ చెరువుల కోసమే కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర మడచెట్లు కొట్టేశారు, ఇసుకదిబ్బలు చదును చేశారు. అలకూ ఊరికీ మధ్య అడ్డమంటూ ఏమీ మిగల్లేదు. గేటుకు వేలాడుతూ నేను చూస్తుండగానే సముద్రం ఏటేటా ముందుకు జరిగింది.

మొదటి తుపానుకు నాయుడుగారే వచ్చి నన్ను తీశాడు. సగం హాలు బస్తాలే. మిగతా సగంలో ఊరూ పల్లే సర్దుకున్నాయి. యానాదులు తడుస్తూ వచ్చేసరికి పట్టపువాళ్లకు పెద్ద, పల్లె పెద్దకాపు పోలయ్య గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పైన చోటు లేదమ్మే. మెట్ల మీద కూసోండి. వాన తగ్గేదాకే గదా."

అలా అన్నది మాలకొండమ్మతో. పాతికేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, ముసలి అత్తనూ పసిబిడ్డనూ పీతల వేట మీద సాకుతున్న మనిషి. ఆమె అత్తను మెట్ల మీద కూర్చోబెట్టి, తన కోక కొంగు కప్పి, గాలివాన కొట్టే వైపు తాను కూర్చుంది. కొంగు ఏపాటి ఆపుతుంది? ముసలామె జ్వరంతో ఇల్లు చేరి, మళ్లీ లేవలేదు. తుపానుకు మనుషులెవరూ పోలేదని పేపర్లో రాశారు. జ్వరాన్ని తుపాను ఖాతాలో ఎవరు వేస్తారు?

ఆ తర్వాత జరిగిన ఊరి సభలో మాలకొండమ్మ లేచి నిలబడింది. ఆ సభ మేడ కిందే జరిగింది కాబట్టి నేను విన్నాను.

"మాకూ ఒక చెవి ఇయ్యండి నాయుడా. మా గుడిసెలు పల్లంలో ఉండాయి. నీళ్లు ముందు మా కాడికే వస్తాయి."

నాయుడుగారు నవ్వాడు. "తాళంచెవి పదిమంది కాడుంటే అది తాళం ఎట్టయితాది తల్లీ? నేను యాడికి పోతా? పిలిస్తే పలుకుతా గదా!"

అందరూ నవ్వారు. పోలయ్య కూడా నవ్వాడు. మాలకొండమ్మ కూర్చుంది. ఆమె చూపు మాత్రం నా మీది నుంచి కదల్లేదు.

రెండో తుపాను కార్తీకంలో వచ్చింది. ఆకాశం పొద్దున్నుంచే రాగి రంగుకు తిరిగింది. కాకులు ఒక్కటీ అరవలేదు. ఫోనులో కబురందగానే నాయుడుగారు ఇంటిల్లిపాదినీ కార్లో ఎక్కించుకుని నెల్లూరు వెళ్లిపోయాడు. నా చెవి ఆయన జేబులోనే ఉంది.

కారు పోయిన కాసేపటికి మాలకొండమ్మ తమ్ముడు చెంచయ్య, భార్య చేయి పట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల నిండు చూలాలు. వాడు నన్ను పట్టుకుని ఊపాడు. ఇంకోసారి ఊపాడు. లోపలికి కేకేశాడు. జవాబు ఎక్కణ్ణించి వస్తుంది?

"తాళమేసుండారే. మనకు మెట్లు కూడా లేవు" అన్నాడు పెళ్లాంతో.

"ఇంటికి పోదాం పా. నేను నిలబడలేను" అంది ఆమె.

ఇద్దరూ కాలవ గట్టు వైపు తిరిగి వెళ్లిపోయారు. వాళ్లు గేటు దాకా వచ్చినట్టు అప్పటికి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి ఊరూ పల్లే మేడ ముందు గుంపు కట్టాయి. యానాదులూ వచ్చారు. గాలి మనుషుల్ని నెట్టేస్తోంది. పోలయ్య ఫోను చేస్తే నాయుడుగారి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"వస్తా ఉండా... చెట్లు పడుండాయి... తాళం ముట్టుకోబాకండి, లోపల సరుకుండాది..."

ఫోను తెగిపోయింది. అప్పటికే చెరువు కట్టలు తెగి, నీళ్లు నల్లగా, చప్పుడు లేకుండా, వీధి వెంట పాకుతూ వస్తున్నాయి. పిల్లలు ఏడవడం మానేశారు. అది మరీ భయంగా ఉంది.

మాలకొండమ్మ చంకలో బిడ్డను పక్కనున్న పల్లె ఆడమనిషికి అందించింది. బొరియల్లోంచి పీతల్ని లాగే ఇనుపకడ్డీని నా కొంకిలో దూర్చింది.

పోలయ్య ఆమె భుజం పట్టుకున్నాడు. "వద్దమ్మే! కేసవుతాది!"

"అందరం పోయినాక కేసు ఎవురి మీద పెడతారు కాపా?"

పోలయ్య ఆమె భుజం వదిలేశాడు. తర్వాత తన చేతులు కూడా ఆ కడ్డీ మీద వేశాడు. ఇద్దరూ కలిసి బరువంతా మోపారు. నా కొంకి విరిగింది. నొప్పి సంగతి పక్కన పెట్టండి. నేను నేలమీద పడేసరికి అక్కడ నీళ్లున్నాయి, నా మీదుగా పాదాలు పరుగెత్తుతున్నాయి.

పైన బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. ఈసారి ఎవరూ ఎవరినీ అడగలేదు. కిటికీల్లోంచి ఒక్కొక్కటే నీళ్లలోకి తోసేశారు. ఆ రోజు ఊరి వీధుల్లో తిరిగిన చేపలు రొయ్యల మేతతో పండగ చేసుకునే ఉంటాయి. హాలు నిండింది. కడపటి మనిషి దాకా లోపలికి వచ్చాక, మెట్ల మీద మిగిలింది పోలయ్య ఒక్కడే. పైకి రమ్మని ఎంతమంది పిలిచినా ఆయన కదల్లేదు. గాలి తగ్గేదాకా అక్కడే తడుస్తూ కూర్చున్నాడు. మాలకొండమ్మ మాత్రం ముఖాలు వెతుక్కుంటూ హాలంతా తిరిగింది.

"మా చెంచయ్య ఏడీ? ఎవురన్నా చూసినారా?"

నీళ్లు తీశాక చెంచయ్యా, వాడి భార్యా, కొట్టేయగా మిగిలిన నాలుగు మడచెట్ల వేళ్లల్లో దొరికారు. వాడి చేయి ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. పొద్దున వాళ్లను మేడ దారిలో చూశానని ఒక పశువులకాపరి చెప్పాడు. అప్పుడుగానీ మాలకొండమ్మకు సంగతి అర్థం కాలేదు.

నాయుడుగారు వచ్చి శవాల దగ్గర నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు తాళం పగలగొట్టి సరుకు పాడుచేశారని ఫిర్యాదు ఇచ్చాడు. "నాకెవురి మీదా కోపం లేదు. పద్ధతి ప్రకారం ఇయ్యాల గదా" అన్నాడు. మనుషులు కన్నీళ్లనూ పద్ధతినీ వేరువేరు జేబుల్లో పెట్టుకుంటారు.

ఎస్సై మాలకొండమ్మను పిలిపించి, నన్ను బల్ల మీద పెట్టి అడిగాడు. "ఈ తాళం పగలగొట్టింది నువ్వేనా?"

"నేనే సార్. పొద్దున్నే పగలగొట్టుంటే మా తమ్ముడుండేవాడు."

ఎస్సై ఏమీ రాసుకోలేక కలం మూత పెట్టేశాడు. కానీ కేసు కేసే. నన్ను గుడ్డసంచిలో కుట్టి, స్టేషనులో కేసు వస్తువులు పెట్టే గదిలో పడేశారు. ఆమె వాయిదాలకు వస్తూనే ఉంది. ప్రతిసారీ పోలయ్య తోడొస్తాడు. ఇద్దరూ వరండాలో ఒకే బల్ల మీద కూర్చుంటారు.

పంచాయతీవాళ్లు నాకన్నా రెండింతల తాళం కొన్నారట. వేద్దామని పోతే గేటే లేదట. పల్లెవాళ్లూ యానాదులూ కలిసి పట్టపగలే దాన్ని ఊడబెరికి పడవలో వేసుకుపోయి, సముద్రంలో దించేశారని హెడ్డు కానిస్టేబులు నవ్వుతూ చెప్పాడు. కేసు ఎవరి మీద పెట్టాలో ఇంకా తేల్చుకోలేదట.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రేడియోలో మళ్లీ అల్పపీడనం అంటున్నారు. స్టేషను సముద్రానికి చాలా దూరాన, మెరక మీద ఉంది. హెడ్డు కానిస్టేబులు కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చెవి పెట్టి విన్నాడు.

"అదేందబ్బా, సముద్రం హోరు. ఇరవై ఏండ్లుగా ఈడ ఉండా, ఎప్పుడూ ఇంత దూరం వినపడలేదే" అన్నాడు.